‘ఇరవై రూపాయలు అందాయి’: సటీకా తాత్పర్యం

మూలం: ఫోన్‌పేలో ఇరవై రూపాయలు అందాయి.

అవతారిక: శాస్త్రగ్రంథానికి వ్యాఖ్య రాయబూనినవారు ముందుగా నాలుగు సంగతులు తేల్చుకోవాలన్నది పాత నియమం. గ్రంథం దేన్ని గురించి చెబుతున్నదో అది విషయం, తెలుసుకుంటే కలిగే లాభం ప్రయోజనం, వాటికీ గ్రంథానికీ ఉన్న ముడి సంబంధం, వినడానికి అర్హత గలవాడు అధికారి. ఈ నాలుగింటినీ కలిపి అనుబంధ చతుష్టయం అంటారు. బజ్జీల బండి మూలన, కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన, పూలగంప అంచున కూర్చుని రోజంతా పలికే చిన్న పెట్టె వాక్యానికి మొదటి మూడూ సులువుగానే దొరుకుతాయి. విషయం డబ్బు, ప్రయోజనమూ డబ్బే, రెండూ ఒకటే అయినప్పుడు సంబంధాన్ని విచారించే శ్రమ తప్పుతుంది. చిక్కంతా అధికారి దగ్గరే. వాక్యంలో సంబోధన లేదు. ఎవరిని ఉద్దేశించి పలుకుతున్నదో పెట్టె చెప్పదు. కనుక ఆ నిర్ణయాన్ని గ్రంథాంతానికి వాయిదా వేయడమైనది.

పాఠనిర్ణయం: తాళపత్ర గ్రంథాల్లాగే ఈ మూలానికీ పాఠాంతరాలు, అంటే ప్రతికీ ప్రతికీ మధ్య మాటల తేడాలు, చాలా ఉన్నాయి. కొన్ని పెట్టెలు ‘అందాయి’ అంటే కొన్ని ‘వచ్చాయి’ అంటాయి. ఇంకొన్ని ఇంగ్లీషులోనో హిందీలోనో పలికి, అర్థం కాకపోయినా అంకె వినబడింది కదా అని యజమాని చేత సరిపెట్టిస్తాయి. కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన మెదక్ సీమ కొలిచెలమ వాడు మల్లినాథసూరి, మూలంలో లేనిదీ అక్కరలేనిదీ రాయనని ముందే మాట ఇచ్చి తన పని తేలిక చేసుకున్నాడు. ప్రస్తుత వ్యాఖ్యకు అలాంటి ఒట్టేమీ లేదు.

టీక: ‘ఫోన్‌పేలో’ అన్నది మొదటి పదం. అవయవాల అర్థాన్ని బట్టి నడిచే పదాన్ని యౌగికమనీ, అవయవాలతో పని లేకుండా వాడుక బలంతో నిలిచే పదాన్ని రూఢమనీ అంటారు. యౌగికార్థంలో చూస్తే ‘పే’ అన్నది ఇంగ్లీషులో చెల్లింపు, హిందీలో ‘మీద’. పేరు పెట్టినవారు రెండూ ధ్వనించేలాగే పెట్టారు. హిందీ అర్థమే తీసుకుంటే ‘ఫోన్ మీదలో’ అని రెండు విభక్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కి, గేటు ద్వారం, నడి మధ్య వంటి పునరుక్తి దోషం తగులుతుంది. అయితే తెలుగువారు ఈ పదాన్ని ఏనాడో రూఢిగా మార్చుకున్నారు గనుక దోషం అంటదు. ఏ కంపెనీ యాప్ తెరిచినా ‘ఫోన్‌పే కొట్టనా?’ అనే అడుగుతారు, గోడకు అంటించిన నలుపు తెలుపు గళ్ల బొమ్మను, అది తాను చదివేది కాదు, చదివించుకునేది అయినా, ‘స్కానర్’ అనే పిలుస్తారు. 1994లో జపాన్‌లో కారు విడిభాగాల లెక్క కోసం పుట్టిన ఆ గళ్ల బొమ్మ ఇప్పుడు మిరపకాయ బజ్జీల లెక్క చూస్తున్నది.

‘ఇరవై’: సంఖ్యావాచక విశేషణం. పూర్వం పద్దెనిమిది రూపాయల సరుకుకు ఇరవై ఇచ్చినవాడికి రెండు రూపాయల చిల్లర బదులు రెండు చాక్లెట్లు దక్కేవి. అవే చాక్లెట్లు మర్నాడు తిరిగి ఇస్తే కొట్టువాడు పుచ్చుకునేవాడు కాదు కనుక అది నాణెం కాదు, ఏకముఖ ద్రవ్యం. ఇప్పుడు పద్దెనిమిదిని పద్దెనిమిదిగానే చెల్లించే వీలు వచ్చింది. వీలు వచ్చాక ధరలే ఇరవైకి పెరిగాయి. వాటి కారణాలు అర్థశాస్త్రానికి చెందినవి, ఇక్కడ అప్రస్తుతం.

‘రూపాయలు’: వెండి అనే అర్థమిచ్చే ‘రూప్యం’ నుంచి వచ్చిన మాట. పదహారో శతాబ్దంలో షేర్ షా కొట్టించిన వెండి నాణేనికి ఈ పేరు నిలిచింది. తరువాత వెండి పోయి కాగితం వచ్చింది, ఇప్పుడు కాగితమూ పోయి శబ్దం మిగిలింది. రూపం నశించినా రూపాయి నశించకపోవడం వేదాంతులకు ఆనందం కలిగించవలసిన సంగతి.

‘అందాయి’: ఈ పదం దగ్గర వ్యాఖ్యాత కాసేపు ఆగక తప్పదు. ‘రూపాయలు’ మీద ‘అందాయి’ వచ్చినప్పుడు ఉత్వసంధి నిత్యం, అంటే తప్పనిసరి. మనిషి నోట ‘రూపాయలందాయి’ అనే వస్తుంది. పెట్టె మాత్రం మాటలను విడివిడిగా అతికించినట్టు పలికి విసంధి దోషానికి పాల్పడుతున్నది. కవిత్వంలో తప్పయిన ఈ విరామం అంగడిలో గుణమే అవుతుంది, ఎందుకంటే మాటకూ మాటకూ మధ్య సందు ఉంటేనే ‘నూట ఇరవై’ ‘ఇరవై’గా చెవిన పడకుండా ఉంటుంది.

క్రియ అకర్మకం. కర్త రూపాయలే. ఇచ్చినవాడు వాక్యంలో లేడు, పుచ్చుకున్నవాడూ లేడు. డబ్బు తనంత తానుగా నడిచి వచ్చి అందింది. దీన్ని యంత్రం చేసిన తప్పుగా ఎంచరాదు, తెలుగు స్వభావమే అంత. నగదు విషయంలో ‘ఆయన ఇచ్చాడు’ అని మనిషిని చెప్పే జనమే బ్యాంకు దగ్గరికి వచ్చేసరికి జీతం పడింది, పింఛను పడింది, గ్యాస్ డబ్బులు పడ్డాయి అంటారు. వాన పడినట్టు పడిన డబ్బుకు దాతను వెతకడం ఎవరికీ తోచదు. పోయేటప్పుడు మాత్రం ‘కట్ అయ్యాయి’ అంటారు. ఆ మాటలో కత్తి ఉంది, కత్తి పట్టిన చేయి లేదు.

కాలం భూతకాలం. దీనిపై ఒక ఆక్షేపణ ఉన్నది. ఈ యాప్‌ల వెనుక నడిచే యూపీఐ అనే ఏర్పాటును జాతీయ చెల్లింపుల సంస్థ 2016 ఏప్రిల్‌లో ఆరంభించింది. ఇందులో ఖాతాలలో అంకెలు క్షణాల్లో మారినా, బ్యాంకుకూ బ్యాంకుకూ మధ్య అసలు లెక్క తేలేది తరువాత, రోజుకు కొన్ని విడతల్లో. అలాంటప్పుడు ‘అందాయి’ అనడం అసత్యం కాదా అని పూర్వపక్షం. కాదని సమాధానం. కోరుకున్న పనిని జరిగినట్టే చెప్పడానికి పాణిని సైతం అనుమతి ఇచ్చాడు. ఇక ఫోన్‌లో ‘వచ్చేశా’ అని చెప్పే తెలుగువాడు అప్పటికి ఇంకా చెప్పులు వెతుక్కుంటూ ఉంటాడన్నది లోకవిదితం.

అన్వయం: సందర్భం తెలియనిదే వాక్యార్థం కుదరదు. సాయంత్రం ఆరున్నర వేళ హైదరాబాద్ కాలనీ మలుపులో ఒక బజ్జీల బండి ఉన్నదనుకుంటే, యజమాని కుడిచేయి మణికట్టు దాకా శనగపిండిలో ఉంటుంది, ఎడమచేతిలో జల్లిగరిటె, ఎదుట కాగిన నూనె. జేబులోని ఫోన్ తీసి సందేశం చూసుకునే తీరిక ఆ చేతులకు లేదు. ఖాళీగా ఉన్న ఇంద్రియం చెవి ఒక్కటే. బండి చుట్టూ ఏడెనిమిది మంది. పెట్టె ‘ఇరవై’ అంటుంది, రెండు క్షణాల తరువాత మళ్లీ ‘ఇరవై’ అంటుంది. ఈ రెండు ఇరవైలలో ఎర్ర చొక్కావాడిది ఏది, బడిసంచీ పిల్లది ఏది అన్న సందేహానికి మూలంలో ఆధారం లేదు. యజమాని ఇద్దరి ముఖాలూ చూసి, ఇద్దరికీ పొట్లాలు ఇచ్చేస్తాడు. మూడోవాడి వంతు వచ్చేసరికి పెట్టె పలకదు. ‘అన్నా, పైసలు కట్టయినయ్, చూడు’ అని అతడు తెర చూపిస్తాడు. ‘బాక్సుల రాలేదన్నా’ అని యజమాని గరిటె తిప్పుతూనే అంటాడు. ఈ రెండు వాక్యాలలో రెండు దర్శనాలు తలపడుతున్నాయి.

ప్రమాణ విచారం: నిజం తెలుసుకునే సాధనాన్ని ప్రమాణం అంటారు. కంటితో చూసేది ప్రత్యక్షం, నమ్మదగినవాడి మాట శబ్దం. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఆప్తుడి వాక్యమే శబ్దమని నిర్వచించాడు. ఆప్తుడంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. ప్రత్యక్షమే అన్నింటిలో జ్యేష్ఠమని తార్కికుల వాదం. అయితే డబ్బు కట్టకుండానే కట్టినట్టు ఆకుపచ్చ టిక్కు చూపే నకిలీ తెరలు పుట్టిన నాటి నుంచి బజారులో ప్రత్యక్షం పరువు పోయింది. కంటికి కనబడుతున్నది అబద్ధం కావచ్చు, చెవికి వినబడితేనే నిజం అనే స్థితిలో, తత్త్వచర్చల్లో వెనుక వరుసలో కూర్చునే శబ్దప్రమాణానికి నెల అద్దె ఇచ్చి మరీ పీట వేశారు. పెట్టెకు లోపల సొంత సిమ్ కార్డు ఉంటుంది; కట్టినవాడి ఫోన్‌తో దానికి పని లేదు, సర్వర్ చెప్పినదే అది చెబుతుంది. ఆప్తత్వం అక్కడి నుంచి వచ్చింది.

ఇక ఈ వాక్యం పౌరుషేయమా, అపౌరుషేయమా, అంటే పలికిన కర్త ఉన్నాడా లేడా అన్న ప్రశ్న. వేదానికి కర్త లేడు గనుకనే అందులో దోషం లేదని మీమాంసకులు అన్నారు. మనిషన్నవాడు ఉంటే మోసం, మరపు ఉంటాయని వారి భావం. పెట్టెను బజారు నమ్మినది కూడా అందులో మనిషి లేడనే. ఈ సిద్ధాంతానికి కొంత ఇబ్బంది కలిగిస్తూ ఫోన్‌పే తన పెట్టెల్లో 2023లో అమితాబ్ బచ్చన్ గొంతును, 2024లో తెలుగు కోసం మహేశ్ బాబు గొంతును చేర్చింది. పదిహేను రూపాయల కొత్తిమీర, పుదీనా కట్టలకు అగ్రనటుడి గంభీర స్వరం సాక్ష్యం పలకడంలో ఏ రసం పండుతుందో ఆలంకారికులు తేల్చవలసి ఉన్నది. అద్భుతమని కొందరు, హాస్యమని కొందరు.

అద్దె ప్రస్తావన వచ్చింది గనుక దాన్ని విడిచిపెట్టరాదు. యూపీఐ చెల్లింపులపై వ్యాపారి నుంచి రుసుము తీసుకోరాదని 2020 జనవరి నుంచి నియమం. 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే ఇలాంటి చెల్లింపులు 2,000 కోట్లు దాటాయి. ఇంత ప్రవాహం గడప ముందు నుంచి పోతుండగా దోసెడు కూడా తోడుకోలేని కంపెనీలకు దొరికిన బొక్కెన ఈ పెట్టె. నెలకు నూరు రూపాయలకు అటూ ఇటూగా ఉండే ఆ అద్దె, బజ్జీల కొలతలో అయిదు ప్లేట్లు. డబ్బు రావడం ఉచితం, వచ్చిందని తెలియడానికి మాత్రం వెల.

ధ్వని: వాచ్యార్థం, అంటే మాటలు నేరుగా చెప్పే అర్థం, అందరికీ ఒకటే. ధ్వని, అంటే మాటల వెనుక తోచే అర్థం, వినేవాణ్ని బట్టి మారుతుంది. పొద్దు గూకిందన్న ఒకే మాటకు దొంగ ఒకటి, ఆవుల కాపరి ఒకటి అర్థం చేసుకుంటారని ఆలంకారికులు చూపిన దారినే ఇక్కడా నడవవచ్చు. ఇరవై రూపాయలు అందాయన్న మాట బండివాడికి ‘తరువాత ఎవరు?’ అని వినబడుతుంది. కట్టినవాడికి ‘ఇక నువ్వు నిర్దోషివి, పొట్లం తీసుకుని కదులు’ అని. బండి వెనుక స్టూలు మీద ఉల్లిపాయలు కోస్తున్న ఇల్లాలికి, తన భర్త రాత్రి చెప్పబోయే లెక్క ముందే తెలిసిపోతుంది. రోజువారీ వడ్డీ వసూలుకు వచ్చి చెట్టుకింద బండి ఆపుకున్న ఫైనాన్స్ మనిషికి ‘ఈ రోజు లేవు, రేపు రా’ అన్న మాట ఇక చెల్లదని అర్థమవుతుంది. గల్లాపెట్టె మూత మూసి ఉంచడమన్న పాత మర్యాదను, రాబడి గట్టిగా చదవరాదన్న అంగడి సంప్రదాయాన్ని ఈ పెట్టె ఒక్కసారిగా మార్చివేసింది. ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటర్ మాత్రం ఈ బండికి ఎంత అప్పు ఇవ్వవచ్చో అదే వాక్యంలో విని, మర్నాడు ఆ సంగతి సందేశంగా పంపుతుంది.

అధికారి నిర్ణయం: వినేవారు ఇంతమంది ఉండగా వీరిలో ముఖ్యుడెవరన్న చర్చ 2025 జూలైలో కర్ణాటకలో తేలింది. అక్కడ వస్తువులమ్మేవారి ఏడాది వ్యాపారం 40 లక్షలు, సేవలందించేవారిది 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. యూపీఐ లెక్కల్ని ముందు పెట్టుకుని అక్కడి వాణిజ్య పన్నుల శాఖ బేకరీలకు, టీ కొట్లకు, చిన్న దుకాణాలకు నోటీసులు పంపింది. తాజా కూరగాయలకు పన్నే లేకపోయినా కూరగాయలమ్మే ఒకరికి 29 లక్షల రూపాయల నోటీసు వెళ్లింది. శాస్త్రాల్లో అధికారి అంటే వినడానికి అర్హత గలవాడు. తెలుగువారు రోజూ వాడే అర్థం వేరు. ఈ మూలం విషయంలో రెండు అర్థాలూ ఒకే కుర్చీలో కూర్చున్నాయి. శ్లేష వ్యాఖ్యాత కల్పించినది కాదు, ప్రభుత్వం కల్పించినది. తరువాత అదే ప్రభుత్వం నమోదు చేసుకుంటే పాత బకాయిలు అడగబోమని చెప్పినా, శ్రోత ఎవరో తెలిసిపోయింది.

తాత్పర్యం: బజ్జీలు అమ్ముడుపోయాయి.

అనుబంధం: నోటీసుల తరువాత బెంగళూరులో కొన్ని కొట్ల మీద గళ్ల బొమ్మలను చించివేసి, అట్టముక్క మీద పెన్నుతో ‘నో యూపీఐ, ఓన్లీ క్యాష్’ అని రాసి తగిలించారు. ఈ వాక్యానికి కర్త కొట్టులోనే కూర్చుని ఉన్నాడు, ఎవరికి చెబుతున్నాడో తెలుస్తున్నది, పాఠాంతరాలు లేవు, వ్యంగ్యమూ లేదు. కనుక దీనికి టీక రాయలేదు.