గాలం బాబు గోడు

వేసవి సెలవులకు ఉద్దానం దిగిన ఎన్నారై బాబుగారికి ఒళ్లు మండింది. కొత్త ఫిషింగ్ రాడ్డు పట్టుకుని భావనపాడు వెళ్తే ఇంజిను పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా వాటికి వేట బందు. చేపలు గుడ్లు పెట్టే కాలం మరి. ‘నా సెలవులూ అప్పుడే కదా, ఇదేం రూలండీ?’ అని ఆయన వాదన.

అమెరికాలో ఈయనే లైసెన్సు కొని, పట్టిన చేపను స్కేలుతో కొలిచి, అంగుళం తగ్గితే సారీ చెప్పి మరీ నీళ్లలో వదులుతారు. అక్కడ రూలంటే సంస్కారం. పలాస స్టేషన్లో దిగేసరికి అదే సర్కారు దౌర్జన్యం!

చిరిగిన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తలెత్తాడు: ‘ఒడ్డు మీంచి గాలమెయ్యడానికి మీకడ్డేటి బాబూ? పడవాగిపోయినోళ్లం మేమే గదా ఊరుకున్నాం.’

నిషేధ కాలానికి అర్హులైన మత్స్యకార కుటుంబానికి 2025 నుంచి సర్కారిచ్చే భృతి 20 వేలు. అంటే రోజుకు 328 రూపాయలు. బాబుగారూ, మీ రాడ్డుకున్న రీలు ఖరీదెంతో ఒకసారి చూసుకుని, తర్వాత అలగండి.