పసుపు పూసికొన్న గొట్టము

సంగారెడ్డి నుండి అకోలాకు పోవు 161వ జాతీయ రహదారి ప్రక్కన, 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమునందుండి, నేటికిని మరాఠీలో బేరములాడి తెలుగులో తిట్టుకొను దెగ్లూరులో, ఒక మరమ్మతు షెడ్డు నేలపై విప్పబడి పడియున్నాను. పొక్లెయిన్ యంత్రమున టర్బోకును సైలెన్సరుకును నడుమనుండు వంకగొట్టమును నేను.

నా దేహము స్టెయిన్‌లెస్ ఉక్కు. అందు నూటికి పదిన్నర పాళ్లకు తగ్గకుండ క్రోమియము కలదు. ఆ లోహమును 1797లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు వోక్లాఁ కనుగొనగా, దాని లవణముల వర్ణవైచిత్రినిబట్టి, రంగు అను అర్థముగల గ్రీకు పదమే దానికి పేరైనది.

ఇంజను బరువు లాగునపుడు నాలోని పొగ ఐదువందల డిగ్రీల సెల్సియస్ దాటుటయు కద్దు. పనివారి చేతులు కాలకుండ నాకొక దుప్పటి చుట్టిరి. బోల్టులు పట్టివేయకుండ వానికొక లేపనము పూసిరి. దయతో చేసిన ఆ రెంటిలోను కాల్షియము దాగియుండగా, ప్రాణవాయువు పౌరోహిత్యమున నా క్రోమియము దానిని చేపట్టి, కాల్షియం క్రోమేట్ అను పసుపుపచ్చని పొడియై దుప్పటి మడతలలో పేరుకొనెను. ఇది షట్సంయోజక క్రోమియము. ముక్కులోని నడిమిగోడకు చిల్లు పెట్టగలదు, ఊపిరితిత్తులకు కాన్సరు తేగలదు. అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1990లోనే దీనిని కాన్సరు కారకముల మొదటి వర్గమున చేర్చినది. నేను వెడలగ్రక్కు డీజిలు పొగ 2012లో గాని ఆ వరుసకు రాలేదు. అయినను పొగను జూచి ముక్కు మూసికొనువారే కాని, పొడిని జూచి మూసికొనువారిని నేనెరుగను.

నిన్న నా దుప్పటి ఊడదీసిన కుర్రవాడు పొడిని వ్రేలితో తాకి, "అన్నా, పోయిన దసరకు పూసిన పసుపు ఇంక పోలేదే!" అనెను. వానినేమందును? ఆయుధపూజనాడు నా యంత్రమునకు పసుపు కుంకుమలు పెట్టిన చేతులు వానివే. ఆ పసుపు ఏ వానకో కొట్టుకొనిపోయినది. మిస్త్రీ తల యెత్తకయే, "గాలి కొట్టు తమ్మీ, పోతది" అనెను.

గాలి కొట్టరాదు, చీపురుతో ఊడ్వరాదు. ముక్కుకు తగిన మాస్కును, చేతులకు తొడుగులును ధరించి, సి విటమిను కలిపిన నీటితో తడిపి గుడ్డతో తుడిచినచో, ఆ క్రోమియము మూడవ సంయోజకతకు దిగి చాలవరకు శాంతించును. దసరానాడు గొలుసుపట్టీ క్రింద నలిగిన నిమ్మకాయలోను ఆ విటమిను కొంత యున్నది సుమా!

కంప్రెసరు బుస్సుమనెను. పొడి లేచి, రేకుల సందుగుండ పడు ఎండలో బంగారమువలె కొంతసేపాడి, వాని కనుబొమ్మలమీదను, ప్రక్కన చల్లారుచున్న చాయ్ గ్లాసులోను వ్రాలెను. వాడు చేతులు ప్యాంటుకు తుడిచికొని గ్లాసు నందుకొనెను.