బీ-ఫారం లేని ఎన్నిక

ఎన్నికలొస్తే నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో బీ-ఫారానికి ఉండే గిరాకీ యూరియా బస్తాకు కూడా ఉండదు. దక్కినాయన గుడికి పోతాడు, దక్కనాయన పక్క పార్టీ ఆఫీసుకు పోతాడు. ఒక్క రాష్ట్రపతి ఎన్నికకే ఈ గోల లేదు. ఆ బ్యాలెట్ మీద పార్టీ గుర్తు ఉండదు, నోటా ఉండదు. ఓటు రహస్యం, విప్ జారీ చేయడానికి వీల్లేదు. కాగితం మీద చూస్తే ఆ ఎన్నికకూ పార్టీలకూ సంబంధమే లేదు. అయినా ఐదేళ్లకోసారి పార్టీలన్నీ కూర్చుని గెలిచే అభ్యర్థి కోసం జల్లెడ పడతాయి. సంఖ్యాబలం ఉన్నవాళ్లు ఎవరిని నిలబెట్టినా గెలుస్తారు కాబట్టి వాళ్లకు జల్లెడ అక్కర్లేదు. దానితో పనల్లా ఓడిపోయేవాళ్లకే.

ఇందులో మన వాటా ఎంత? ఉమ్మడి నల్లగొండలో 12 మంది, ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో 14 మంది, మొత్తం 26 మంది ఎమ్మెల్యేలు. 1971 జనాభా లెక్కలను పట్టుకుని తెలంగాణ ఎమ్మెల్యే ఓటుకు కట్టిన విలువ 132. అందరివీ కలిపితే 3,432. 2022లో ఒక్క ఎంపీ ఓటు విలువే 700. అంటే ఆలేరు నుంచి అలంపూర్ దాకా ఉన్న శాసనసభ్యులంతా ఏకమైనా ఐదుగురు ఎంపీలకు 68 తక్కువే తూగుతారు. ఉత్తరప్రదేశ్ నుంచైతే 17 మంది ఎమ్మెల్యేలు చాలు, వీళ్లను దాటేస్తారు.

పోనీ మనమే ఒకరిని నిలబెడదామంటే అదీ కుదరదు. 50 మంది ఓటర్లు ప్రతిపాదించాలి, ఇంకో 50 మంది బలపరచాలి. ఈ 26 మంది ఒకే కాగితం మీద సంతకాలు పెట్టిన రోజు అసలు ఎన్నిక కంటే అదే పెద్ద వార్తవుతుంది, ఆ మాట వేరు.

ఈ యాభై నిబంధన 1997లో వచ్చింది. అంతకుముందు పదేసి మంది సంతకాలు, రూ.2,500 డిపాజిట్ ఉంటే సరిపోయేది. డిపాజిట్‌ను కూడా రూ.15,000 చేశారు. అభ్యర్థులు ఎక్కువైతే ఢిల్లీకి చెమటలు పడతాయని దానికి ముందు ఏడాదే నల్లగొండ చూపించింది. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోతున్న పల్లెల జనం కృష్ణా నీళ్ల కోసం జలసాధన సమితి పిలుపుతో నామినేషన్లు వేశారు. 1996 లోక్‌సభ ఎన్నికలో నల్లగొండ బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది, పోలింగ్ నెల రోజులు వాయిదా పడింది. సీపీఐ అభ్యర్థి ధర్మభిక్షం గెలిచారు. 477 మందికి డిపాజిట్లు గల్లంతయ్యాయి. జనం అడిగింది నీళ్లు. సర్కారు ఆ ఏడాదే పెంచింది మాత్రం లోక్‌సభ డిపాజిట్, రూ.500 నుంచి రూ.10,000కు. నీళ్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు అభ్యర్థుల వరద ఆగాలి కదా!

రాష్ట్రపతి ఎన్నికలో సంఖ్యాబలం ఉండి కూడా ఓడిపోయిన పార్టీ ఒకటుంది. ఆ ఘనత 1969 నాటి కాంగ్రెస్‌ది. జాకీర్ హుస్సేన్ మరణంతో ఖాళీ అయిన పదవికి బెంగళూరులో కూర్చున్న పార్టీ పెద్దలు నీలం సంజీవరెడ్డిని ఖాయం చేశారు. ఇందిరాగాంధీకి ఆయన నచ్చలేదు. అయినా నామినేషన్ పత్రం మీద ఆమే సంతకం చేశారు. పోలింగ్ దగ్గర పడ్డాక మాత్రం అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయండని అన్నారు. అప్పటిదాకా అంత మంది కాంగ్రెస్ ప్రజాప్రతినిధులకు అంతరాత్మ ఉందని ఎవరికీ అనుమానం కూడా రాలేదు. ఆగస్టు 20న లెక్కపెడితే మొదటి ప్రాధాన్య ఓట్లలో ఎవరికీ మెజారిటీ రాలేదు. రెండో ప్రాధాన్యాలు కలిపాక స్వతంత్ర అభ్యర్థి వి.వి.గిరికి 4,20,077, పార్టీ అధికారిక అభ్యర్థికి 4,05,427. ఓడినాయనది అనంతపురం జిల్లా ఇల్లూరు, గెలిచినాయనది బరంపురం తెలుగు కుటుంబం. తెలుగువాళ్లకు గెలుపు, ఓటమి రెండూ ఒకే రోజు దక్కాయి. కొద్ది నెలల్లో కాంగ్రెసే రెండు ముక్కలైంది.

సంజీవరెడ్డి కథ అక్కడితో ముగిసిందనుకున్నవాళ్లకు 1977 జవాబు చెప్పింది. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌వే. నల్లగొండ, పాలమూరు కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. మిగిలిన ఒక్కటీ నంద్యాల. అక్కడ జనతా పార్టీ తరఫున గెలిచింది ఆయనే. జులైలో రాష్ట్రపతి పదవికి 37 మంది నామినేషన్లు వేస్తే పరిశీలనలో 36 ఎగిరిపోయాయి, మిగిలింది సంజీవరెడ్డిది. సొంత రాష్ట్రంలో ఒకే ఒక్క సీటు గెలిచిన పార్టీ ఆయన్ను ఓటింగ్ లేకుండానే రాష్ట్రపతి భవన్‌కు పంపింది.

ఈ లెక్కల గొడవెందుకు, అమెరికా తరహాలో దేశాధినేతను జనం దగ్గరికే తెస్తే పోదా అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లను కల్వకుర్తికి తీసుకుపోవాలి. 1989లో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి, పైగా ఢిల్లీ గద్దె మీద కన్నేసిన నేషనల్ ఫ్రంట్‌కు చైర్మన్. ఆయన కల్వకుర్తిలో పోటీ చేస్తే కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్ ఓడించారు. హిందూపురం ఆదుకుంది కాబట్టి అసెంబ్లీకి పోగలిగారు. తెర మీద రాముడిగా, కృష్ణుడిగా చూసిన మనిషినే పాలమూరు ఓటరు లెక్కచేయలేదు. పార్టీలు జల్లెడ పట్టి తెచ్చిన పెద్దమనుషులను లెక్కచేస్తాడా?

ప్రతిపక్షాలకు మాత్రం ఒక అలవాటు పడింది. గెలిచే ఆశ లేనప్పుడు తెలుగు న్యాయమూర్తిని వెతుకుతాయి. 1967లో ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి మరీ దిగిన కోకా సుబ్బారావు జాకీర్ హుస్సేన్ చేతిలో ఓడారు. 2025లో ఉపరాష్ట్రపతి పదవికి రంగారెడ్డి జిల్లాకు చెందిన జస్టిస్ బి.సుదర్శన్‌రెడ్డిని నిలబెడితే అధికార పక్షం అభ్యర్థి సి.పి.రాధాకృష్ణన్‌కు 452, సుదర్శన్‌రెడ్డికి 300 ఓట్లు వచ్చాయి. పక్క రాష్ట్రంలోని తెలుగు పార్టీలు తెలుగు అభ్యర్థిని కాదని రాధాకృష్ణన్ వైపు నిలిచాయి. బీఆర్‌ఎస్ రైతులకు యూరియా దొరకడం లేదని చెప్పి ఓటింగ్‌కే దూరంగా ఉండిపోయింది. ఎరువుల కొరతకు ఉపరాష్ట్రపతి ఎన్నికలో మందు వెతికిన పార్టీ ఇదొక్కటే కావచ్చు.

ఈ పార్టీ తీరే వేరు. తెలంగాణ బిల్లు లోక్‌సభలో గట్టెక్కిన రోజు స్పీకర్ కుర్చీలో ఉన్నది మీరా కుమార్. 2017లో ఆమె రాష్ట్రపతి పదవికి నిలబడితే, అప్పటికి టీఆర్‌ఎస్ పేరుతో ఉన్న ఈ పార్టీ రామ్‌నాథ్ కోవింద్‌కు ఓటేసింది. 2022లో కథ తిరగబడింది. జులై 2న బేగంపేట విమానాశ్రయంలో ప్రతిపక్షాల అభ్యర్థి యశ్వంత్ సిన్హాకు ముఖ్యమంత్రి కేసీఆర్ స్వయంగా స్వాగతం పలికారు, జలవిహార్‌కు ఊరేగింపుగా తీసుకుపోయారు. అదే రోజు అదే విమానాశ్రయంలో దిగిన ప్రధానిని ఆహ్వానించడానికి మాత్రం పోలేదు. ఫలితం: ద్రౌపది ముర్ముకు 6,76,803, సిన్హాకు 3,80,177. ఆ ఓటమి వేడి తగ్గకముందే దసరా నాడు టీఆర్‌ఎస్ దేశమంతా ఏలడానికి బీఆర్‌ఎస్ అయింది.

తర్వాతి రాష్ట్రపతి ఎన్నిక 2027లో. అధికార పక్షం అభ్యర్థి పేరు ఆఖరి వారం దాకా ఎవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ప్రతిపక్షం మాత్రం రిటైరైన తెలుగు న్యాయమూర్తుల ఫోన్ నంబర్లు ఇప్పటి నుంచే దగ్గర పెట్టుకోవాలి.