మైకోపనిషత్తు: టీకా తాత్పర్య సహితం

మూలం:

గమనిక, గమనిక. ఎర్రగళ్ళ చొక్కా, నీలం నిక్కరు తొడుక్కున్న అయిదేళ్ళ బాబు తప్పిపోయి మా దగ్గర ఉన్నాడు. పేరు చిన్నా అంటున్నాడు. నాన్న పేరు నాన్న అంటున్నాడు. చేతిలో పీచుమిఠాయి ఉన్నది. సంబంధించినవారు ఎక్కడ ఉన్నా వెంటనే మైకు ఆఫీసుకి రావలెను.

అవతారిక:

హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా జరిగే నుమాయిష్‌లో, జెయింట్ వీల్ కిర్రుకీ బజ్జీల మూకుడు సుయ్యికీ నడుమ సాయంత్రాలు వినబడిన వాక్యమిది. కర్త అజ్ఞాతం. పాఠం ఏటికేడూ కొంత మారుతూ వచ్చింది. ఇక్కడ తీసుకున్నది 1980ల నాటి పిల్లల చెవుల్లో మిగిలినది. నుమాయిష్ చరిత్ర చెప్పేవాళ్ళు, 1938లో ఉస్మానియా పట్టభద్రులు దీన్ని పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టారనీ, ఏడవ నిజాం ప్రారంభించాడనీ, ఇక్కడి సరుకుకు గిరాకీ తెచ్చి ఆ డబ్బుతో సంస్థానంలో ఆర్థిక సర్వే చేయించాలన్నది వారి ఉద్దేశమనీ, 1946లో ఇప్పటి చోటికి వచ్చిందనీ చెబుతారు. అంతా నిజమే. అయితే సర్వే కోసం పుట్టిన ఈ సంతలో పిల్లలకు అర్థశాస్త్రం ఎలా ఒంటబట్టిందో తెలియాలంటే మాత్రం మైకే శరణ్యం.

తాత్పర్యం: పిల్లవాడు దొరికాడు, వచ్చి తీసుకుపొండి. ఇంత స్పష్టంగా ఉన్నచోటే వ్యాఖ్యాతకు పని ఎక్కువ. మెదకు సీమవాడైన కోలాచల మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన వ్యాఖ్యానించింది కాళిదాసును కాబట్టి ఆ ఒట్టు చెల్లింది. మనం ఆ రెండూ చేయక తప్పదు.

టీక:

గమనిక, గమనిక = మొదటిది వినేవాళ్ళ కోసం. రెండోది కశ్మీరు శాలువాల దుకాణంలో బేరంలో మునిగినవాళ్ళ కోసం. మూడోసారి చెప్పినా వాళ్ళు వినరని తెలిసి రెంటితో ఆపారు.

ఎర్రగళ్ళ చొక్కా = సంక్రాంతికి కుట్టించినది. పండగ నుమాయిష్ నడుమ పడుతుంది కనుక కొత్త చొక్కాకు ఇంతకు మించిన సభ దొరకదు. ఒకే తానులోంచి ఇంటి మగపిల్లలందరికీ చొక్కాలు, మిగిలిన ముక్కతో దిండు గలేబు కుట్టించడం ఆనాటి ఆచారం. కాబట్టి ఈ గుర్తు అన్నకూ, బాబాయి కొడుక్కూ, దిండుకూ కూడా వర్తిస్తుంది. తార్కికులు దీన్నే అతివ్యాప్తి దోషం అంటారు.

నీలం నిక్కరు = ఎదిగే పిల్లాడని దర్జీ చొక్కాను మోకాళ్ళ దాకా దించాడు. కింద నిక్కరు కనబడదు. కనుక ఇది ప్రత్యక్షం కాదు, అనుమానం.

అయిదేళ్ళ = ఇంట్లో ఆరు, సిటీ బస్సులో నాలుగు, మైకు దగ్గర అయిదు. మూడూ ప్రమాణాలే, ఎక్కడి కండక్టరు అక్కడ.

తప్పిపోయి = ఇక్కడే పెద్ద చిక్కు. బాబు తప్పిపోలేదనీ, టాయ్ ట్రైను కంచె పట్టుకుని నిలబడ్డచోటే నిలబడ్డాడనీ, కదిలింది పెద్దవాళ్ళేననీ పూర్వపక్షం. ఇది తేలాలంటే ఆనాటి పంపకం తెలియాలి. గేటు దాటకముందే నాన్న శాసనం వినిపించేవాడు: తలకొక ఆట, ఒక తిండి, ఒక బొమ్మ. మారు అడిగితే మరుసటి ఏడు రావడమే లేదు. ఇక ఆట ఏదన్నది ధర్మసంకటం. జెయింట్ వీల్ ఎక్కితే ఊరంతా దీపాలై కనబడుతుంది గాని, పైకి వెళ్ళాక కిందివాళ్ళను ఎక్కించడానికి చక్రం ఆపుతారు. అప్పుడు తొట్టి తనంతట తాను ఊగుతుంది, పక్కనున్న అన్నయ్య ఇంకాస్త ఊపుతాడు. వంకర అద్దాల గదిలో అత్తయ్య బక్కచిక్కి నిలువెత్తు పొడుగై, మామయ్య అడ్డంగా పెరిగి కనిపిస్తారు. నవ్వు పావుగంట నిలవదు, టిక్కెట్టు మాత్రం పోయినట్టే. టాయ్ ట్రైను ఎక్కినచోటే దించేస్తుంది. అయినా అందులో కూర్చున్నవాళ్ళు కిందివాళ్ళకు, ఇక ఉత్తరాలు రాసుకోవడమే అన్నంత దిగులుగా చేతులు ఊపుతారు. కిందివాళ్ళూ ఊపుతారు. ఇది చూసి మనసు నిలుపుకోవడం అయిదేళ్ళవాడి వల్ల కాదు. రైలు ఇంకో చుట్టు తిరిగి వచ్చేదాకా తన ఒక్క ఆట దీని మీద పెట్టాలా వద్దా అని నిలబడి ఆలోచించాడు. ఆ ఆలోచనలో ఉండగా జట్టు ముందుకు సాగింది. కనుక పూర్వపక్షమే సిద్ధాంతం.

మౌత్ కా కువా పంపకంలో లేదు. అది నాన్న ఖాతా. నిలువు చెక్కగోడల బావి. పై అంచున జనం. లోపల మోటారు సైకిలు అడుగున రెండు చుట్లు తిరిగి, వేగం అందుకుని, గోడ మీదికి పాకుతుంది. వేగం ఉన్నంతసేపూ చక్రాలు గోడను నొక్కుతాయి, ఆ రాపిడే బండిని నిలబెడుతుంది. చెక్కలు దడదడలాడి కాళ్ళకింద వణుకు తెలుస్తుంది. నడిపేవాడు చేతులు వదిలేసి, అంచు దాకా వచ్చి, ఎవరో చాచిన నోటు అందుకుపోతాడు. ఆ నోటు నాన్నది ఎందుకయిందో, మనకు రెండో బజ్జీ ఎందుకు కాలేదో ఏ శాస్త్రమూ చెప్పలేదు.

చిన్నా = ఆంధ్ర, తెలంగాణల్లో సగం ఇళ్ళవాళ్ళు దీనికి పలుకుతారు.

నాన్న పేరు నాన్న = ఆత్మాశ్రయ దోషం. అయినా పిల్లవాడి తప్పు లేదు. ఇంట్లో ఆ పేరు పలికినవాళ్ళెవరు? ‘నాన్న పేరు ఏమండీ అంటున్నాడు’ అని పాఠాంతరం. అది ఇంకా ప్రామాణికమని మా అభిప్రాయం.

పీచుమిఠాయి = చక్కెరను కరిగించి గిర్రున తిప్పి దారాలు తీసే ఈ యంత్రాన్ని 1897లో అమెరికాలోని నాష్‌విల్‌లో తయారుచేసిన ఇద్దరిలో ఒకాయన పళ్ళ డాక్టరు. 1904 సెయింట్ లూయిస్ ప్రదర్శనలో అది జనానికి తగులుకుంది. వృత్తికీ ఆవిష్కరణకూ ఉన్న కార్యకారణ సంబంధం పాఠకులే ఊహించుకోవాలి. ఇక అసలు ప్రశ్న: బాబు వాటా తిండి అప్పటికే అయిపోయింది, పెద్ద అప్పడం రూపంలో. మరి ఇది ఎక్కడిది? మైకు ఆఫీసువాళ్ళు ఏడుపు మాన్పించడానికి కొనిపెట్టినదని ఒప్పుకోక తప్పదు. అంటే తప్పిపోతే పంపకంలో లేనిది కూడా దక్కుతుందన్నమాట. ఈ సూక్ష్మం ఆ రాత్రే అన్నదమ్ములందరికీ తెలిసిపోయింది.

ఎక్కడ ఉన్నా = సెల్‌ఫోను రాకతో ఈ మాటకు పని తగ్గింది. వ్యాఖ్య అనవసరం.

రావలెను = విధి. వచ్చారు. ముందు అమ్మ. వీపు మీద ఒకటి పడింది. ఆ చేత్తోనే ఎత్తుకుంది. ఇది రౌద్రమా కరుణమా అని లాక్షణికులు కొట్టుకోవచ్చు. చెయ్యి వదిలేశాడని అన్నకు పడినది మాత్రం కచ్చితంగా రౌద్రం. నాన్న పీచుమిఠాయి డబ్బులివ్వబోతే మైకు ఆయన తీసుకోలేదు.

అక్కణ్ణుంచి జట్టంతా మళ్ళీ దుప్పట్ల దుకాణానికి నడిచింది, బేరం సగంలో ఆగింది కనుక. దుకాణదారు మైకు విన్నాడు, ఎర్రగళ్ళ చొక్కా చూశాడు, బాబు బుగ్గ గిల్లి అమ్మ అడిగిన ధరకే ఇచ్చేశాడు. మరుసటి ఏడు అమ్మ మా అందరికీ మళ్ళీ ఒకే తానులోంచి చొక్కాలు కుట్టించి, నేరుగా అదే దుకాణం ముందుకు తీసుకెళ్ళి నిలబెట్టింది. దుకాణదారు పిల్లలందరినీ లెక్కపెట్టుకుని, ఒక్క రూపాయి కూడా తగ్గించనన్నాడు.