అవమానం గడి లేని పంచాంగం

ఉగాదినాడు పంచాంగం విప్పితే మన రాశి పక్కన నాలుగు అంకెలుంటాయి. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. గమనించారో లేదో, ఎంతటి మహర్జాతకుడికైనా ఆదాయం 14 దాటదు. అంతకు మించి రాయడానికి ఏ సిద్ధాంతికీ చెయ్యి రాదు. వచ్చే ఉగాదికి మళ్లీ అదే వీధిలో, అదే అరుగు మీద కూర్చుని చదవాల్సింది ఆయనే కదా! ఆదాయం 2, వ్యయం 14 వచ్చిన రాశివాళ్లు పచ్చడి మింగి నోరు మూసుకుని ఇంటికి పోతారు.

ప్రభుత్వాల దగ్గర ఇంకో పంచాంగం ఉంది. దాన్ని డీపీఆర్ అంటారు, అంటే సమగ్ర ప్రాజెక్టు నివేదిక. రైలో రోడ్డో వేయాలనుకున్నప్పుడు పెద్ద ఫీజు తీసుకుని కన్సల్టెంట్లు దీన్ని గణించి ఇస్తారు. ఇందులో ఆదాయం ఉంటుంది, వ్యయం ఉంటుంది. రాజపూజ్యం సంగతి శంకుస్థాపన ఫ్లెక్సీలు చూసుకుంటాయి. నాలుగో గడి మాత్రం ఉండదు.

హైదరాబాద్ మెట్రోకి వేసిన అంచనా ప్రకారం 2014 నాటికి రోజుకు 15 లక్షల మంది, 2024 నాటికి 22 లక్షల మంది రైలెక్కాలి. 2014లో ఎక్కడానికి రైలే లేదు. లేచీ లేవని స్తంభాల నీడన ఆ 15 లక్షల మందీ ట్రాఫిక్‌లో ఇరుక్కుని హారన్లు కొట్టుకుంటున్నారు. మొదటి రైలు కదిలింది 2017 నవంబరులో. 2024 వచ్చేసరికి ఎక్కేవాళ్లు అయిదు లక్షలకు అటూ ఇటూగా తేలారు. మిగిలిన 17 లక్షల మంది ఏమైపోయారో ఎవరికీ తెలీదు. ఇంతమంది కనబడకుండా పోయినా ఒక్క పోలీసు స్టేషన్లోనూ ఫిర్యాదు నమోదు కాలేదు.

అసలు కథ అంతకు ముందుది. 2008లో ఈ మెట్రోకి టెండర్లు పిలిచారు. మామూలుగా ఇలాంటి పనికి కంపెనీలు సర్కారునే ఎంతో కొంత సాయం అడుగుతాయి. మేటాస్ బృందం మాత్రం మాకు పైసా వద్దు, మేమే మీకు 35 ఏళ్లలో రూ. 30,311 కోట్లు ముట్టజెబుతామంది. ప్రాజెక్టు ఖర్చు చూస్తే రూ. 12,132 కోట్లు. పెళ్లి ఖర్చులు మావే, ఎదురు కట్నం కూడా మేమే ఇస్తాం అంటూ వచ్చిన సంబంధాన్ని చూసి మామూలు ఇంట్లో అయితే పెద్దవాళ్లు కాస్త ఆరా తీస్తారు. సచివాలయంలో బాజాలు మోగించారు.

ఆరా తీసిన పెద్దాయన ఒకరు లేకపోలేదు. ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్. ఈ లెక్క వెనక రైలు కన్నా భూముల వ్యాపారమే ఎక్కువగా కనిపిస్తోందనీ, రేపు ఇది పెద్ద కుంభకోణమై కూర్చుంటుందనీ ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. లెక్క మళ్లీ చూసుకోవాల్సిన ప్రభుత్వం ఆయన మీద కన్నెర్రజేసి, క్షమాపణ చెప్పకపోతే పరువునష్టం దావా వేస్తామంది. నాలుగు నెలలు తిరక్కుండానే, 2009 జనవరి 7న, సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు తన ఖాతాల్లో ఉందని చూపిన డబ్బు లేనే లేదని ఒప్పుకున్నారు. మేటాస్ ఆ కుటుంబపు కంపెనీయే. ఇంగ్లిషులో సత్యం అక్షరాల్ని తలకిందులు చేస్తే వచ్చే పేరది. పేరులోనే అంతా చెప్పి పెట్టారు, చదువుకోకపోవడం మన తప్పు. అప్పు పుట్టక మేటాస్ చేతులెత్తేసింది, 2009 జులైలో ఒప్పందం రద్దయింది.

మళ్లీ టెండర్లు పిలిచారు. 2010లో ఎల్ అండ్ టీ గెలిచింది. ఈసారి కంపెనీ ఇచ్చేదేమీ లేదు, పుచ్చుకునేదే: రూ. 1,458 కోట్ల సాయం. అడిగినవాళ్లందరిలోకీ తక్కువ అడిగింది వీళ్లే. అదే ఊరు, అవే మూడు దారులు, అదే జనం. 30 వేల కోట్లు పాలిస్తుందన్న గేదె రెండేళ్లకే ఎదురు దాణా అడిగింది. ఈ రెండు అంకెల్లో ఏది సరైనదని అడిగితే అది అమాయకత్వం. రెండూ లెక్కలే. రెండిటికీ పట్టికలున్నాయి, రంగురంగుల గీతలున్నాయి, కింద సంతకాలున్నాయి.

మరి ఈ అంకెలు ఎలా పుడతాయి? పైకి చూస్తే పద్ధతి శాస్త్రీయమే. ఇల్లిల్లూ తిరిగి ఎక్కడ పని చేస్తారు, ఎలా వెళ్తారు అని అడుగుతారు. కూడళ్లలో బళ్లు లెక్కబెడతారు. ఊరు ఏటా ఇంత శాతం పెరుగుతుందనుకుంటారు. ఆ శాతాన్ని ఒక్క మెట్టు జరిపితే ముప్ఫై ఏళ్లకు చక్రవడ్డీలాగా లక్షల మంది ప్రయాణికులు ఉచితంగా పుట్టుకొస్తారు. ఇంటి ముందు స్కూటీ ఉన్న మనిషి దాన్ని వదిలేసి, మే నెల ఎండలో అర కిలోమీటరు నడిచి, మెట్లెక్కి, రైలెక్కి, మెట్లు దిగి, ఆటోవాడితో బేరమాడి ఆఫీసుకు చేరతాడని ఒక నమ్మకం. ఈ నమ్మకానికి శాస్త్రంలో వేరే పేరుంది, ఆ పేరు చెబితే ఫీజు పెరుగుతుంది. నాకున్న అనుమానం ఒక్కటే. ఎంతమంది ఎక్కితే గిట్టుబాటవుతుందో ముందే తేల్చుకుని, తరవాత ఆ జనాన్ని వెతకడానికి బయల్దేరతారు.

అప్పటికీ జనం దొరక్కపోతే కొలబద్దనే మార్చేయొచ్చు. కేంద్రం మెట్రోకి అనుమతివ్వాలంటే ఒకప్పుడు పెట్టిన డబ్బు మీద 8 శాతం రాబడి రావాలి. 2017 మెట్రో విధానంలో దాన్ని తీసేసి, సమాజానికి కలిగే లాభం 14 శాతం ఉంటే చాలన్నారు. అంటే మీకు మిగిలిన సమయం, మీరు పీల్చని పొగ, మీకు జరగని ప్రమాదం, అన్నిటికీ రూపాయల్లో విలువ కట్టి కూడతారు. ఆలోచన తప్పని నేననను, బడికీ ఆసుపత్రికీ లాభనష్టాలు చూడం కదా. కాకపోతే బ్యాంకువాడు వాయిదా అడగడానికొచ్చినప్పుడు, మీరు పీల్చని పొగను అతని చేతిలో పెట్టలేం. పంచాంగంలో కూడా 8 తరవాత ఎక్కాల్సిన చివరి మెట్టు 14 కావడం యాదృచ్ఛికమే అయ్యుంటుంది.

తప్పిన జోస్యాలకు సాకులు సిద్ధంగానే ఉన్నాయి. కరోనా వచ్చింది. నిజమే, వచ్చింది. ఐటీవాళ్లు ఇంట్లో కూర్చుని పనిచేశారు. అదీ నిజమే. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. ఒక్కోటి విడివిడిగా చూస్తే కాదనలేం. మరి కరోనా పేరు కూడా వినని రోజుల్లో, మన బస్సులు తిరగని దేశాల్లో ఏం జరిగింది? ఫ్లూబ్యర్గ్ అనే డెన్మార్క్ ఆచార్యుడు తన బృందంతో 14 దేశాల్లోని 210 రైలు, రోడ్డు ప్రాజెక్టుల రద్దీ అంచనాలు తీసి 2005లో ప్రచురించాడు. పది రైలు ప్రాజెక్టుల్లో తొమ్మిదింటికి ప్రయాణికుల్ని ఎక్కువ చేసి చూపించారు. సగటున, ఎక్కుతారన్న వాళ్లలో దాదాపు సగం మందే ఎక్కారు. మనిషన్నాక పొరబడతాడు, ఒకసారి ఎక్కువ రాస్తాడు, ఒకసారి తక్కువ రాస్తాడు. కాటా ప్రతిసారీ కొట్టువాడి వైపే మొగ్గితే దాన్ని పొరపాటని ఏ ఇల్లాలూ అనదు.

కట్టేటప్పుడు ఈ గోల. అప్పజెప్పేటప్పుడు గోల వేరు. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద టోలు వసూలు చేసుకునే హక్కును 2023లో ఒక కంపెనీకి 30 ఏళ్లకు రూ. 7,380 కోట్లకు ఇచ్చేశారు. 2053 దాకా రావాల్సిన డబ్బు ఒక్కసారే చేతికొచ్చింది. అప్పటి ప్రభుత్వానికి అది బంగారు బేరం, అప్పటి ప్రతిపక్షానికి కారుచౌక. ఇద్దరి దగ్గరా లెక్కలున్నాయి. తరవాత ప్రతిపక్షం ప్రభుత్వమైంది, ప్రభుత్వం ప్రతిపక్షమైంది, రోడ్డు మాత్రం గుండ్రంగానే ఉంది.

కృష్ణా తీరాన, విశాఖ ఒడ్డున ఇంకా ఆలు లేదు చూలు లేదు. 2014 విభజన చట్టంలో మెట్రో సాధ్యాసాధ్యాలు చూడమన్నారు. చూస్తూనే ఉన్నారు. నివేదికలు మాత్రం ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. సోమలింగానికి బారసాల, అన్నప్రాశన, అక్షరాభ్యాసం అన్నీ కాగితం మీదే అయిపోయాయి.

ఇంత తిట్టినా, అమీర్‌పేటలో సాయంత్రం ఆరు గంటలకు రైలు మారేటప్పుడు నా కాలు నేలకు ఆనదు. రోజుకు అయిదు లక్షల మంది చిన్న విషయం కాదు. అంతమంది కోసం రైలు వేయొచ్చు, వేయాలి కూడా. అయిదు లక్షల మందే ఎక్కుతారు, ఏటా ఇంత నష్టం వస్తుంది, ఆ నష్టం పన్నుల్లోంచి భరిద్దాం అని శాసనసభలో నిలబడి చెప్పి ఉంటే నాబోటివాడు చెయ్యెత్తేవాడు. కానీ అలా చెబితే ప్రైవేటు కంపెనీ రాదు. స్టేషన్ల పక్కన ప్రభుత్వ భూముల్లో మాల్స్ లేవవు. సర్కారుకి పైసా ఖర్చు లేదన్న ప్రకటనా కుదరదు. అందుకని ఒక గదిలో కూర్చుని ఆ 17 లక్షల మందిని కన్నారు.

ఆ పిల్లల పోషణ ఇప్పుడు మన మీద పడింది. 2025 సెప్టెంబరులో ఎల్ అండ్ టీ తప్పుకోవడానికి సిద్ధపడింది. మెట్రో మీదున్న దాదాపు రూ. 13 వేల కోట్ల అప్పును తలకెత్తుకుని, వాటా కింద మరో రూ. 2 వేల కోట్ల దాకా ఇవ్వడానికి తెలంగాణ ప్రభుత్వం ఒప్పుకుంది. ఎదురు 30 వేల కోట్లు తెస్తుందన్న పిల్ల చివరికి ఇలా పుట్టింటి దారి పట్టింది. ప్రభుత్వానికి ఇంత తొందర ఎందుకంటే, రెండో దశ మెట్రో ఉంది. దాని మొదటి భాగం 76.4 కిలోమీటర్లు, రూ. 24,269 కోట్లు. మొదటి దశ నడిపేవాళ్లకీ రెండో దశవాళ్లకీ ఒప్పందం కుదరాలని కేంద్రం అడిగింది, రెండో దశలో చేరడానికి కంపెనీ ఇష్టపడలేదు. కాబట్టి పాత జోస్యం మిగిల్చిన అప్పు నెత్తికెత్తుకుంటే తప్ప కొత్త జోస్యం ఢిల్లీలో గడప దాటనంది.

రెండో దశ డీపీఆర్ 2024 నవంబరులోనే ఢిల్లీ చేరింది. అందులోనూ ఎంతమంది ఎక్కుతారో లెక్క కట్టే ఉంటారు. వచ్చే ఉగాదికి రవీంద్రభారతిలో సర్కారువారి పంచాంగ శ్రవణం ఎలాగూ ఉంటుంది. సిద్ధాంతిగారికి శాలువా కప్పే ముందు ఆ నివేదిక కూడా ఒకసారి ఆయన చేతికిస్తే బాగుండు. గణితం ఆయనకు పట్టకపోవచ్చు. కానీ నాలుగో గడి ఏదని మాత్రం తప్పకుండా అడుగుతాడు.