నాలుగు నిమ్మకాయల సాహసం

డాలస్ దగ్గర ఫ్రిస్కో, ఇర్వింగ్ చుట్టుపక్కల గుళ్ళ పార్కింగుల్లో వాహన పూజలు చూస్తే మనవాళ్ళ ఆర్థిక చరిత్ర మొత్తం అర్థమవుతుంది. ఒకప్పుడు క్యామ్రీలు, అకార్డులు వరస కట్టేవి. తరవాత టెస్లాలు వచ్చాయి. ఇప్పుడు మధ్యమధ్య గోడల్లా పికప్ ట్రక్కులు నిలబడుతున్నాయి. బానెట్ మీద స్వస్తిక్ గీయడానికి పూజారిగారు మునివేళ్ళ మీద లేవాలి. కిందికి వంగినప్పుడు మాత్రం ఆయనకు సుఖం. టైర్లు అంత పెద్దవి, నిమ్మకాయ పెట్టడానికి బోలెడు చోటు. ఆ టైర్లు మామూలువి కావు, ఆల్ టెర్రైన్. ఎడారి, బురద, బండరాయి, మంచు, వేటికీ వెరవమని పక్కగోడ మీద తెల్లక్షరాలతో రాయించుకున్నవి. కొబ్బరికాయ పగిలాక అవి నాలుగు నిమ్మకాయల్ని చిదిమి, గేటు దాటి, టోల్‌వే ఎక్కుతాయి. వాటిలో చాలావాటికి జీవితంలో ఎదురయ్యే అతిపెద్ద అడ్డంకి ఆ నిమ్మకాయే.

రోడ్డు దిగని ట్రక్కు కొనడం మనవాళ్ళు కనిపెట్టిన వేడుక కాదు, గురువులు అమెరికన్లే. ఫోర్డ్ ఎఫ్ సిరీస్ 1977 నుంచీ అక్కడ అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోతున్న ట్రక్కు. కొన్నవాళ్ళందరికీ పొలాలుంటే ఈపాటికి ఆ దేశంలో ఊళ్ళు కట్టుకోడానికి జాగా మిగిలేది కాదు. కార్లు కొనేవాళ్ళను సర్వే చేసే స్ట్రాటజిక్ విజన్ అనే సంస్థ లెక్కలు 2019లో పత్రికకెక్కాయి. ట్రక్కు యజమానుల్లో దాదాపు 70 శాతం మంది రోడ్డు దిగి నడిపేది ఏడాదికి ఒకసారి, లేదంటే అదీ లేదు. 75 శాతం మంది వెనక ఏదైనా తగిలించి లాగేదీ అంతే. 35 శాతం మంది వెనక బెడ్‌లో ఏదైనా సామాను వేసేది కూడా ఏడాదికి ఒకసారికి మించదు. మనవాళ్ళు ఈ 35 శాతంలోకి హాయిగా చేరిపోతారు. సోనా మసూరి బస్తా తడుస్తుందని దాన్ని వెనక సీట్లో పడుకోబెట్టి సీటు బెల్టు పెట్టేవాళ్ళను చూశాను.

టైరు మీద నాకే కోపమూ లేదు. 1976లో బీఎఫ్ గుడ్రిచ్ తొలి రేడియల్ ఆల్ టెర్రైన్ టైరును తెచ్చింది. ఒకే రోజులో తారు మీదా కంకర మీదా మట్టి మీదా నడపక తప్పని వాళ్ళకు అది నిజంగా పనికొచ్చింది. ఇప్పటికీ పనికొస్తోంది. పశ్చిమ టెక్సస్‌లో మిడ్‌లాండ్ వైపు చమురు బావుల దగ్గరికి వెళ్ళే దారులు సున్నపుగట్టి రాయి పరిచినవి. పదునైన రాయి టైరు పక్కగోడలో దిగిందంటే ప్యాచ్ వెయ్యడానికి కూడా ఉండదు, టైరు పారెయ్యాల్సిందే. అక్కడ మందమైన పక్కగోడ ఉన్న టైరు విలాసం కాదు, పనిముట్టు. ఆ దారుల్లో తిరిగేవాళ్ళు టైర్ల గురించి ఉపన్యాసాలివ్వరు. పంక్చరైతే ఓ బూతు, కాకపోతే మౌనం.

ఉపన్యాసాలిచ్చేవాడు ఫ్రిస్కోలో ఉంటాడు. అడగక్కర్లేదు. నాలుగు టైర్లకు వెయ్యి డాలర్ల పైన పోసిన మర్నాడే, పిల్లల పుట్టినరోజు పార్టీలో, పేపర్ ప్లేటు చేత్తో పట్టుకుని మొదలుపెడతాడు. “అన్నా, చప్పుడన్నదే లేదు. మైలేజీ ఇసుమంత తగ్గలేదు. నిన్న వానలో చూడాలి, రోడ్డుకు అతుక్కుని పోయింది.” పెళ్ళైన మూడోనాడు అల్లుణ్ణి అత్తారింటి వంట ఎలా ఉందని అడిగితే వచ్చే జవాబుకూ దీనికీ తేడా లేదు. ఆయన చెప్పేది టైరు సంగతి కాదు, బిల్లు సంగతి. వెయ్యి డాలర్లు పోశాక నోట మంచిమాటే వస్తుంది.

ఈ నోటిమాటకు ఇంత బలం ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. మామూలు కారు టైర్ల గోడ మీద అమెరికా ప్రభుత్వం అడిగే గ్రేడులుంటాయి. ఎంత కాలానికి అరుగుతుంది, తడి రోడ్డు మీద ఎంత పట్టు, ఎంత వేడి తట్టుకుంటుంది అని. ఎల్‌టీ అని ముద్ర ఉన్న ట్రక్కు టైర్లకు ఆ గ్రేడుల నుంచి మినహాయింపు. కాబట్టి కొనబోయేవాడికి దిక్కు కొన్నవాడే. ఆ దిక్కేమో పేపర్ ప్లేటు పట్టుకుని నిలబడి ఉంది.

పోనీ ఆ మూడు మాటలూ విడివిడిగా చూద్దాం. వానలో అతుక్కుపోయిందన్నది నిజమే అయ్యుండొచ్చు. ఎందుకంటే ఆయన విప్పించిన పాత టైర్లు 50,000 మైళ్ళు తిరిగి నున్నబడ్డాయి. వాటి స్థానంలో ఏ కొత్త టైరు వేసినా వానలో రోడ్డును పట్టుకుంటుంది. మెప్పు దక్కాల్సింది కొత్త గాడులకు, ఆల్ టెర్రైన్‌కు కాదు. కొత్త ఆల్ టెర్రైన్‌ను కొత్త హైవే టైరు పక్కన పెట్టి తడి తారు మీద బ్రేకు వేసి చూసినవాడే ఈ మాట అనాలి. అలా చూసిన పరీక్షల్లో సాధారణంగా ముందు ఆగేది మంచి హైవే టైరే. రాళ్ళ మీద చిరగకుండా ఉండటానికి గట్టి రబ్బరు, బురద జారిపోవడానికి దిమ్మెల మధ్య పెద్ద పెద్ద సందులు పెట్టాక, తారును తాకే రబ్బరు ఎంత మిగులుతుంది? కానీ సొంత డబ్బుతో రెండు సెట్లు కొని పోల్చి చూసే యజమాని భూమ్మీద పుట్టలేదు. ఉన్నవాళ్ళందరూ తమ పాత అరిగిన టైర్లతో పోల్చి కొత్తవాటికి కిరీటం పెట్టేవాళ్ళే.

చప్పుడు సంగతి. రబ్బరు దిమ్మెలు రోడ్డును వరసగా కొడుతుంటే మోత రాక మానదు. ఆ మోత ఒకే శ్రుతిలో చెవిలో దూరకుండా ఇంజినీర్లు దిమ్మెల కొలతల్ని అక్కడక్కడ మార్చి పెడతారు. కొత్తలో అది బాగానే దాగుతుంది. ఐదు వేల మైళ్ళకోసారి ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్పించకపోతే దిమ్మెలు ఒక అంచు ఎక్కువగా ఒక అంచు తక్కువగా అరుగుతాయి. అప్పుడు మొదలవుతుంది అసలు కచేరీ. అయితే ఇరవై వేల మైళ్ళ తరవాత మన యజమానిని ఎవరూ అడగరు, ఆయన తనంతట చెప్పడు. అప్పటికే ట్రక్కులో పాటల వాల్యూమ్ పెంచేసి ఉంటాడు. తమన్ వాయిస్తుంటే టైరు మోత ఎవడికి వినిపిస్తుంది?

ఇక మైలేజీ. ఇక్కడే యజమాని పూర్తిగా దొరికిపోతాడు. అమెరికా జాతీయ పరిశోధనా మండలి 2006 నివేదిక ప్రకారం టైరు దొర్లడానికి పడే నిరోధం పది శాతం మారితే ఇంధనం వాడకం ఒకటి నుంచి రెండు శాతం మారుతుంది. ఈ టైర్ల నిరోధం ఎక్కువ, బరువూ ఎక్కువ, ఒక్కో దానికి పది పదిహేను పౌండ్లు అదనం. ఆ నష్టం లెక్కకు అందుతుంది. దాని మీద ఇంకో తమాషా ఉంది. మనవాడు ట్రక్కుతో వచ్చిన 275/65ఆర్18 సైజు తీసేసి, చూడ్డానికి నిండుగా ఉంటుందని 275/70ఆర్18 వేయిస్తాడు. టైరు ఎత్తు 32 అంగుళాల నుంచి 33 దాటుతుంది. చక్రం పెద్దదైంది కనక ఒక్కో చుట్టుకు బండి ఎక్కువ దూరం పోతుంది, మీటరుకు ఆ సంగతి తెలీదు. స్పీడోమీటర్ 70 చూపిస్తుంటే బండి 72 పైన పోతోంది. ఓడోమీటర్ కూడా వంద మైళ్ళకు మూడు మైళ్ళ పైచిలుకు మింగేస్తుంది. అంటే మీటరు సరిచేయించకుండా లెక్క కట్టినవాడికి మైలేజీ నష్టం ఉన్నదానికన్నా ఎక్కువ కనబడాలి. అయినా “ఇసుమంత తగ్గలేదు” అంటున్నాడంటే తేలేది ఒక్కటే. ఆయన లెక్క కట్టలేదు. రోజూ ఆఫీసులో డాష్‌బోర్డులు తయారుచేసి అమ్మే మనిషి, సొంత డాష్‌బోర్డు చూడలేదు.

“పది ప్లై టైర్లన్నా” అన్నది ఇంకో గొప్ప. టైరు మీద ‘లోడ్ రేంజ్ E’ అని ఉంటే పది పొరల బట్ట అనే నమ్మకం. నూలు గుడ్డతో టైర్లు చేసిన రోజుల లెక్క అది, ఇప్పుడు బలానికి పెట్టిన కొలమానం మాత్రమే. అసలు ఎన్ని పొరలున్నాయో టైరు గోడ మీదే అచ్చు వేసి ఉంటుంది. పక్కగోడలో రెండు, మహా అయితే మూడు. తెల్లక్షరాలు బయటికి కనబడాలా, లోపలికి తిప్పించాలా అని వారం రోజులు స్నేహితుల్ని అడిగిన మనిషి, ఆ పక్కనే ఉన్న నల్లక్షరాలు చదవడు. అదే గోడ మీద గరిష్ఠంగా 80 పీఎస్ఐ అని ఉంటుంది. డోరు అంచున స్టిక్కరు 35 అంటుంది, కానీ అది ట్రక్కుతో వచ్చిన టైర్లకు రాసింది. ఒకాయన స్టిక్కరు చూసి 35 పెడతాడు, ఒకాయన ఎందుకైనా మంచిదని అరవై దాటిస్తాడు. ఇద్దరూ కలిసి “రైడ్ భలే మెత్తగా ఉంది” అంటారు. బరువుకు తగ్గ గాలి ఎంతో చెప్పే పట్టిక ఒకటుందని ఆ సభలో ఎవరికీ తట్టదు. నిజంగా ఇసుకలోకో రాళ్ళలోకో దిగేవాళ్ళు చేసే మొదటి పని గాలి తీసెయ్యడం, ఇరవై దాకా. అప్పుడు టైరు నేలకు పరుచుకుంటుంది. మళ్ళీ నింపుకోడానికి కంప్రెసర్ వెంట ఉంచుకుంటారు. మనవాడి వెంట ఉన్నది డ్రోను కెమెరా.

మంచు గురించి మాత్రం నవ్వు రాదు. గోడ మీద మూడు శిఖరాలు, మధ్యలో మంచురేకు బొమ్మ ఉంటే మంచుకు సిద్ధమైన టైరని అర్థం. ఆ ముద్రకు పెట్టిన పరీక్ష ఏమిటంటే, గట్టిగా తొక్కిన మంచు మీద వేగం అందుకునేటప్పుడు పట్టు ప్రామాణిక టైరు కన్నా కనీసం పది శాతం ఎక్కువ ఉండాలి. అంతే. బ్రేకుకు పరీక్ష లేదు, మలుపుకు లేదు, నల్లమంచు మీద అసలే లేదు. బయల్దేరడానికి ముద్ర ఉంది, ఆగడానికి లేదు. డాలస్‌లో పడేది మెత్తటి మంచు తక్కువ, వాన గడ్డకట్టి రోడ్డు అద్దమయ్యేది ఎక్కువ. 2021 ఫిబ్రవరి 11న ఫోర్ట్‌వర్త్‌లో ఐ-35 వెస్ట్ మీద అలాంటి ఉదయమే 130కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఆరుగురు పోయారు. ఆ కుప్పలో పికప్‌లూ ఉన్నాయి. ముద్ర చూసి ధైర్యం తెచ్చుకున్న మనిషి ఇంట్లో కూర్చోవలసిన రోజున రోడ్డెక్కుతాడు, అదీ ఈ ప్రచారంలో అసలు ప్రమాదం.

బురద సంగతి ఈ యజమాని కన్నా వాళ్ళ నాన్నకు బాగా తెలుసు. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దాయన, గుంటూరు జిల్లాలో రేగడి చేలో పత్తి వేసిన మనిషి. డాలస్ కింద ఉన్నదీ నల్లరేగడి జాతి మట్టే, ఎండితే నెర్రెలు, తడిస్తే జిగురు. కొడుకు ట్రక్కు చూపిస్తే ఆయన చుట్టూ తిరిగి చూసి అడిగాడు. “ఇక్కడ పొలం గానీ కొన్నావంట్రా?” లేదు నాన్నా, బురదలో కూడా పోతుంది అన్నాడు కొడుకు. “వానపడ్డ రేగట్లోకి బండెవడు దింపుతాడ్రా? ఆరేదాకా ఆగుతాం గానీ” అన్నాడాయన. ఇంజినీర్లూ ఇంతకన్నా ఎక్కువ చెప్పరు. జిగురుమట్టి ఆల్ టెర్రైన్ సందుల్లో నిండిపోతే టైరు మళ్ళీ నున్నటి టైరే. దానికి వేరే మడ్ టైర్లున్నాయి, అవి ఇంకా మోత, ఇంకా బరువు. పొడిగా ఉన్న మట్టిరోడ్డు మీద అయితే మామూలు టైర్లే సరిపోతాయి. ఆర్టీసీ పల్లెవెలుగు బస్సులు ఏళ్ళ తరబడి మన కంకర రోడ్లను తెల్లక్షరాలు లేని టైర్లతోనే దాటాయి.

బాగుంటుందని వేయించుకున్నాను అంటే సరిపోయేదానికి ఇన్ని సాక్ష్యాలెందుకు? నల్లటి ట్రక్కు కింద ఎత్తైన టైర్లు అందంగానే ఉంటాయి. అందానికి డబ్బు పెట్టడం నేరమూ కాదు. పట్టుచీర కట్టుకున్నావిడ అది చెమట బాగా పీలుస్తుందని పదిమందికీ సర్టిఫికెట్ ఇవ్వదు. మీరూ ఇవ్వకండి. తప్పదంటే కొన్ని వివరాలు కలిపి చెప్పండి. పాత టైర్లు ఎన్ని మైళ్ళు తిరిగినవి, కొత్తవి ఎన్ని తిరిగాయి, గాలి ఎంత, మీటరు సరిచేయించారా లేదా. ఇరవై వేల మైళ్ళు దాటాక ఇంకోసారి చెప్పండి. వెనక సీట్లో కూర్చునే పిల్లల్ని పక్కన పెట్టుకుని మరీ చెప్పండి.

ఇదంతా చదివాక కూడా కొనాల్సిందే అనిపిస్తే, ఒక్కసారి ట్రక్కు వెనక వంగి బెడ్ కింద చూడండి. అక్కడ వేలాడుతున్న స్టెప్నీ ఇంకా పాత సైజు హైవే టైరే. నిజంగా ఊరికి దూరంగా రాళ్ళలో పక్కగోడ చీరితే, ఫోర్‌వీల్ డ్రైవ్ మీద మూడు పెద్ద టైర్లు, ఒక చిన్న టైరు వేసుకుని నడపాలి, గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. చాలామంది ఆ ఐదో టైరు మార్పించరు, ఎందుకంటే అది ఎవరికీ కనబడదు. మీరు మాత్రం ఐదూ కొనండి.