గారెల పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కాళిదాసు కావ్యాలకి మల్లినాథసూరి టీక రాసి, దానికి సంజీవని అని పేరు పెట్టాడు. ఆయన మెదక్ దగ్గరి కొల్చారం వాడు, అంటే మనవాడే. చెడ్డ వ్యాఖ్యానాల విషం తలకెక్కి మూర్ఛపోయిన కవివాక్కుని తిరిగి లేపడానికి రాస్తున్నానని చెప్పుకున్నాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు కూడా పెట్టుకున్నాడు. నాకు దొరికిన మూలం కావ్యం కాదు, నాలుగు పాదాల పద్యం. ఇక్కడ మూర్ఛ భయం వాక్కుకి లేదు, వక్తకే ఉంది. అందుకని సాహసించాను.

సందర్భం ఇది. మొన్న అన్నయ్య ఇంట్లో తద్దినం. భోక్తలు తాంబూలాలు పుచ్చుకుని వెళ్ళాక, మధ్యాహ్నం రెండున్నరకి ఇంటివాళ్ళం విస్తళ్ళ ముందు కూర్చున్నాం. కర్త అన్నయ్యే. వచ్చే నెలకి అరవై నిండుతాయి. ఆయన విస్తట్లో అప్పటికి ఆరు గారెలు అయిపోయాయి. ఏడోది వేయబోతూ కోడలు ఆగి, "మామయ్యగారూ, మొన్నటి రిపోర్టులో..." అంది. ఆ వాక్యాన్ని పూర్తి కానివ్వకుండా అన్నయ్య నోట వెలువడిన మాటలే ఈ మూలం. ఆయన వచనంగానే అన్నాడు. ఆటవెలదిలో కూర్చింది నేను. భావం ఆయనది, గణాలు నావి.

మూలం

ఆ. తాత తొంబదారు దాటినవాడుగా;
షుగరు లేదు, బీపి చూడలేదు;
నాకు బెంగ యేల? నాలుగు గారెలు
వేయవమ్మ యింక వేడివేడి.

తాత్పర్యం

మా తాత చాలాకాలం బతికాడు కనుక నాకు గారెలు వేయండి.

ప్రతిపదార్థం, విశేషాలు

తాత = తండ్రికి తండ్రి. మనిషికి తాతలు ఇద్దరు కదా, ఇందులో ఎవరని శంక. మా అమ్మ తండ్రి యాభై రెండో ఏట పక్షవాతంతో పోయాడు. ఆయనది వేరే గోత్రం కనుక ఈ పద్యంలోకి రాడు. గోత్రం మారినా నెత్తురు మారదన్న సూత్రం అన్నయ్య చదివిన వ్యాకరణంలో లేదు.

తొంబదారు దాటినవాడు = తొంభై ఆరేళ్ళు గడిచినవాడు. ఏకవచనం గమనించాలి. తాత పుట్టింది 1910లో. ఆ రోజుల్లో మన దేశంలో పుట్టిన బిడ్డకి సగటు ఆయుర్దాయం పాతికేళ్ళ లోపు. 1951 నాటికి కూడా అది ముప్పై రెండు దగ్గరే ఉంది. ఇప్పుడు డెబ్బై. మశూచి, కలరా, ప్లేగు, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా, ఇన్ని ఏళ్ళు దాటాలి అప్పటి మనిషి. తాతతో కలిపి ఆ తల్లికి పుట్టినవాళ్ళు తొమ్మిదిమంది. పెళ్ళీడుదాకా వచ్చినవాళ్ళు నలుగురు. తొంభై దాటినవాడు ఒక్కడు. దాటని ఎనిమిదిమందికీ పద్యంలో చోటు దొరకలేదు. తద్దినం సంకల్పంలో కూడా తండ్రి, తాత, ముత్తాత అని నిలువు వరసే చదువుతాం. పిల్లలు పుట్టకుండా పోయినవాళ్ళు ఏ వరసలోనూ ఉండరు. కాబట్టి మాది దీర్ఘాయువుల వంశం అంటే, దీర్ఘాయువుల్ని మాత్రమే గుర్తుపెట్టుకున్న వంశం అని అర్థం చెప్పుకోవాలి.

షుగరు లేదు, బీపి చూడలేదు = ఇక్కడ శ్లేష. తాత తన ఒంట్లో బీపీని ఎరగడని ఒక అర్థం. ఎవరూ కొలిచి చూడలేదని రెండో అర్థం. చేతికి పట్టీ చుట్టి కొలిచే సాధనాన్ని ఇటలీలో రీవా రోచీ 1896లోనే చేశాడు. మోచేతి మడత దగ్గర చప్పుడు విని పై సంఖ్యనీ కింది సంఖ్యనీ చెప్పే పద్ధతిని రష్యాలో కొరొత్కోవ్ 1905లో కనిపెట్టాడు. రెండూ తాత కన్నా పెద్దవే. అయినా అవి మా ఊరి ఆస్పత్రి దాకా వచ్చేసరికి తాతకి అరవై దాటాయి. అప్పటికి ఆయన ఆస్పత్రి దాకా వెళ్ళలేదు.

మన మీమాంసకుల్లో అనుపలబ్ధి అని ఒక ప్రమాణం ఉంది. కనబడలేదు కనుక లేదు అనడం. నేల మీద కుండ కనబడకపోతే కుండ లేదనవచ్చు. అయితే దీపం పెట్టి చూసి ఉండాలి. చీకటి గదిలో నిలబడి కుండ లేదంటే ప్రమాణం కాదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ దేశవ్యాప్త సర్వేలో పెద్దవాళ్ళలో నూటికి పదకొండుమందికి పైగా షుగరు, ముప్పై అయిదుమందికి పైగా రక్తపోటు తేలాయి. దీపం పెట్టి చూస్తే కనబడ్డ కుండలివి.

నాకు = మనవడినైన నాకు. తాత ఆయుష్షులో మనవడి వాటా ఎంత అని ప్రశ్న. డెన్మార్కులో 1870 నుంచి 1900 దాకా పుట్టిన 2,872 జతల కవలల ఆయుష్షుల్ని పోల్చి, మనిషికీ మనిషికీ ఉండే తేడాలో పుట్టుకతో వచ్చే పాలు సుమారు నాలుగో వంతని 1996లో తేల్చారు. 2018లో లక్షలాది వంశవృక్షాల్ని పరిశీలించినవాళ్ళు, పదో వంతు కూడా ఉండదన్నారు. ఆయుష్షు పొడుగున్నవాళ్ళు తమలాంటి ఇళ్ళతోనే వియ్యమందుకుంటారనీ, ఆ పోలికంతా పాత లెక్కల్లో నెత్తురు ఖాతాలో పడిందనీ వాళ్ళ వాదం. వ్యాజ్యం ఇంకా తెగలేదు. పంపకం తేలని ఆస్తిని చూపించి అన్నయ్య అప్పుడే అప్పు చేస్తున్నాడు.

బెంగ యేల = ఎందుకు బెంగ? ప్రశ్న కోడలికే గానీ, గొంతు కొంచెం పెద్దదిగా ఉండటాన్ని బట్టి తనకు తాను వేసుకున్నదని ఊహ్యం.

నాలుగు గారెలు = తింటే గారెలు తినాలని లోకోక్తి ఉంది గానీ ఎన్నని చెప్పలేదు. వింటే భారతం వినాలని కూడా అదే నోటితో అన్నారు. ఆ రెండో సగం జోలికి అన్నయ్య పోడు.

వేయవమ్మ = కోడలిని ఉద్దేశించి ప్రార్థన. ఆమె రెండు వేసింది. నాలుక్కీ సున్నాకీ మధ్య అదే రాజీ.

పూర్వపక్షం

తాత గారెలు తినలేదా అని ఎవరైనా అడగవచ్చు. తిన్నాడు. దాచడం వ్యాఖ్యాతకి తగదు. ఆయన పురోహితుడు. భోక్తగా పిలిస్తే ఒక్క విస్తట్లో పన్నెండు గారెలు లాగించి, పరమాన్నం మారు అడిగేవాడు. మరి అన్నయ్య ఎనిమిదింటి దగ్గర ఆగితే మనవడే మితభోజి కదా?

సిద్ధాంతం

ఆ పన్నెండు గారెల చుట్టూ ఏముందో చూడాలి. తాత చేతిలో నాలుగు ఊళ్ళు ఉండేవి. భోక్తగా వెళ్ళిన ఊరు రెండు క్రోసులు. పొద్దున్న ఏమీ తినకుండా కాలవగట్టు వెంట నడిచి వెళ్ళేవాడు, భోజనం చేసి అదే గట్టు వెంట నడిచి వచ్చేవాడు. భోక్తకి ఆ రాత్రి భోజనం నిషిద్ధం. పైగా ఏకాదశులు. మినప్పప్పు రుబ్బురోట్లో పడేది తద్దినానికీ పండక్కీ తప్ప లేదు. అన్నయ్యకి గ్రైండరు ఉంది, ఇంటి కింద టిఫిన్ సెంటరు ఉంది, ఆయన అంతస్తుకి లిఫ్టు ఉంది. తాతకి గారె ఒక తిథి. అన్నయ్యకి అది ఆదివారం.

నడక సంగతి 1953లో లండన్ బస్సుల్లో రుజువైంది. అప్పట్లో అక్కడి రెండంతస్తుల బస్సులో డ్రైవరు కూర్చునేవాడు, కండక్టరు రోజంతా మెట్లెక్కి దిగేవాడు. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లెక్కతీస్తే గుండెజబ్బు డ్రైవర్లలోనే ఎక్కువని తేలింది. ఒకే బస్సు, ఒకే దారి, ఒకే పొగ. తేడా మెట్లు. ఈ లెక్కన మా తాత కండక్టరు. అన్నయ్య ముప్పై నాలుగేళ్ళు బ్యాంకు కుర్చీలో కూర్చుని నడిపిన డ్రైవరు.

అన్నయ్య చేతి గడియారం రోజూ పదివేల అడుగులు అడుగుతుంది. 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరుకి పదివేల అడుగుల మీటరు అనే అర్థం వచ్చేలా పేరు పెట్టారు. ఆ అంకె అక్కడినుంచి లోకమంతా పాకింది. తాతకి అంకె లేదు, అవతలి ఊళ్ళో సత్యనారాయణ వ్రతం ఉంది. పీటల మీద దంపతులు ఎదురుచూస్తుంటే ఎవరైనా నడుస్తారు. గడియారం ఎదురుచూస్తే, దాన్ని విప్పి బల్ల మీద పెట్టొచ్చు.

ఇక ఆప్తవాక్యం. మనిషి ఆయుష్షు ముందే రాసిపెట్టి ఉంటుందా అన్న ప్రశ్న చరకసంహిత విమానస్థానంలో వస్తుంది. దైవం ఒకటే కాదు, పురుషకారం కూడా కలిస్తేనే ఆయుష్షని ఆత్రేయుడి జవాబు. ఆయన చెప్పిన పోలిక బండి ఇరుసు. మంచి ఇరుసు సరిగా నడిపితే తన కాలం నిండేదాకా అరిగి అరిగి పోతుంది. అదే ఇరుసు, బరువు ఎక్కువ వేస్తే, గతుకుల్లో తోలితే, నడిదారిలో విరుగుతుంది. తాత అన్నయ్యకి ఇచ్చింది ఇరుసు. ఎడ్లనీ దారినీ బస్తాలనీ ఇవ్వలేదు.

ఛందోలంకారాలు

ఇది ఆటవెలది. పేరులో ఆట ఉంది, కవి ఒంట్లో లేదు. నాలుగు పాదాల్లో కలిపి పదహారు సూర్యగణాలు. అన్నయ్య సూర్యుణ్ణి చూసేది వీటిలోనే. షు-చూలకి యతిమైత్రి చెల్లింది. పద్యంలో యతి ఉన్నాడు, చెప్పినవాడిలో లేడు.

హేతువు చూపించి అర్థాన్ని సమర్థించాడు కనుక ఆలంకారికుల మతంలో కావ్యలింగం. నైయాయికుల మతంలో హేత్వాభాసం. యయాతి తన ముసలితనం కొడుక్కిచ్చి యవ్వనం అప్పు తెచ్చుకున్నాడు. తాత ముసలితనాన్ని తాకట్టు పెట్టి గారె తెచ్చుకోవడం మా ఇంటి కొత్త కల్పన.

పాఠాంతరం

ఇంతవరకూ ఒక సంగతి దాటవేశాను. ఆ రోజు తద్దినం ఎవరిది? తాతది కాదు. మా నాన్నది.

ఈ పద్యానికి పాత ప్రతి ఒకటుంది. అందులో మొదటి మాట తాత కాదు, నాన్న. 1998లో మా నాన్న అన్నది. ఆయన తాలూకాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. తల తిరుగుతోందంటే డాక్టరు బీపీ చూసి బిళ్ళ రాశాడు, జీవితాంతం వేసుకోమన్నాడు. మూడు నెలలు వేసుకుని మానేశాడు. అమ్మ అడిగితే, "మా నాన్నకి ఎనభై ఎనిమిది. ఇవాళ్టికీ కాలవగట్టు మీద నడుస్తున్నాడు. ఆయనకి లేని జబ్బు నాకెందుకొస్తుందే? ఆవకాయ ఇలా పెట్టు" అన్నాడు. నాలుగు పాదాలూ అందులో ఉన్నాయి. గారె స్థానంలో ఆవకాయ, అంతే తేడా. నాన్నకి అప్పుడు అరవై మూడు. ఆ ఏడాది శ్రావణం దాటలేదు.

కాబట్టి అన్నయ్య మూలకర్త కాడు, లేఖకుడు. తండ్రి ప్రతిని చూసి రాస్తూ మధ్యలో ఒక తరం జారవిడిచాడు. తాళపత్రాల్లో ఇది మామూలే. ఒకే మాట రెండు పంక్తుల్లో ఉంటే కన్ను మొదటిదాని మీదినుంచి రెండోదాని మీదికి గెంతుతుంది. కానీ విస్తరి ముందు పటం ఉంది. ఆ పటంలో ఉన్నది తాత కాదు.

తాత ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఉన్నాడు. తొంభై ఆరులో చివరి ఎనిమిదీ కొడుకు లేనివి. అంతకుముందు మేం ఎవరం దణ్ణం పెట్టినా "నా అంత ఆయుష్షు" అని దీవించేవాడు. 1998 తర్వాత ఆ దీవెన మానేశాడు. "చల్లగా ఉండు" అనేవాడు. ఆ అంకెని మేం గొప్పగా చెప్పుకుంటూ వచ్చాం. దాన్ని మోసినవాడు మాత్రం ఎవరికీ ఇవ్వదలచుకోలేదు.

ధ్వని

తాత పేరు ఎత్తింది ధైర్యంతో కాదు. నాన్న పేరు ఎత్తలేక.

ఫలశ్రుతి

అచ్చుకి ముందు మూలకర్తకి చూపించడం మర్యాద కనుక ఈ టీకని అన్నయ్యకి పంపాను. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడోనాడు ఫోను చేశాడు. గారెల మాట ఎత్తలేదు, తనని లేఖకుడన్నందుకు కోప్పడలేదు.

"ఒరే, ఒకచోట తప్పు రాశావు," అన్నాడు. "నాన్నకి అరవై మూడు నిండలేదు. పదకొండు రోజులు తక్కువ."

పైన దిద్దలేదు. తప్పు నాది, సవరణ ఆయనది, రెండూ ఉండాలి. రోజులతో సహా లెక్కపెట్టుకుని ఉన్నవాడికి తాత్పర్యం చెప్పబోవడం అక్కర్లేనిది చెప్పడమే అవుతుంది. మల్లినాథుడి ఒట్టు ఉంది కనుక ఇక్కడితో ఆపేస్తున్నాను.